లక్ష కోట్లకి ఒకటి కలిపితే వచ్చే సంఖ్య: ఒక ట్యూషన్ కేసు

అబ్బాయి అమ్మానాన్నల్ని అడిగే ఈ కేసు రాస్తున్నాను. పేరు, స్కూలు, ఉండే ఏరియా రాయడం లేదు, ఇంటి వివరాలు ఒకటి రెండు కావాలనే మార్చాను. అంకెలు మాత్రం ఒక్కటి కూడా మార్చలేదు, ఎందుకంటే కథంతా వాటిలోనే ఉంది. ట్యూషన్ చెప్పేవాళ్లకి, రాత్రిపూట పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని లెక్కలు చేయించే తల్లిదండ్రులకి పనికొస్తుందని నా నమ్మకం.

నేపథ్యం

బెంగళూరులో తూర్పు వైపు అపార్ట్‌మెంట్లలో నేను ఇంటికెళ్లి లెక్కలు చెబుతాను. పిల్లల్లో సగం పైగా తెలుగు ఇళ్ల వాళ్లే. ఈ అబ్బాయి తొమ్మిదో తరగతి, నాన్న సాఫ్ట్‌వేర్, అవ్వ కూడా వీళ్లతోనే ఉంటుంది. అబ్బాయికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఐఓక్యూఎం రాయించాలని నన్ను పిలిచారు. గణిత ఒలింపియాడ్ పోటీల దారిలో మొదటి మెట్టు అదే: 3 గంటలు, 30 ప్రశ్నలు, జవాబులన్నీ రెండంకెలు దాటని పూర్ణసంఖ్యలు.

రెండో తరగతి నుంచి అబాకస్ చేసిన చెయ్యి, కాబట్టి భాగహారం చేస్తుంటే చూడముచ్చటగా ఉంటుంది. పదమూడు అంకెల సంఖ్యని 37తో భాగించమంటే పెన్ను ఆగదు, తప్పు రాదు. నాన్నకి దాని మీద గర్వం, అది న్యాయమే. మొదటి రోజే ఆయన నాతో, "శకుంతలాదేవి గారు పుట్టింది ఈ ఊళ్లోనే కదా సార్, 1980లో లండన్‌లో పదమూడంకెల సంఖ్యలు రెండింటిని 28 సెకన్లలో గుణించారు, వీడికీ ఆ స్పీడు రావాలి" అన్నారు. ఆవిడ చేసింది అపురూపమైన విద్య, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఈ అబ్బాయికి కావలసింది వేగం కాదేమో అని ఆ మొదటి గంటలోనే నాకు అనుమానం వచ్చింది. ఎందుకో చెబుతాను.

సమస్య ఎలా బయటపడింది

పెద్ద సంఖ్యలంటే వీడికి ఎంత ఇష్టమో చూద్దామని, "నీకు నచ్చిన పెద్ద సంఖ్య ఒకటి చెప్పు, దాని గురించి నీకు తెలిసింది చెప్పు" అన్నాను. వెంటనే "వన్ ట్రిలియన్ వన్" అన్నాడు. పక్కగదిలోంచి అవ్వ, "అంటే ఎంత నాయనా?" అంది. "లక్ష కోట్లకి ఒకటి కలిపితే వచ్చేది అవ్వా" అన్నాను. అంటే 1000000000001, రెండు ఒకట్ల మధ్య పదకొండు సున్నాలు. "ఇది ప్రైమ్ సార్" అన్నాడు వీడు, అంటే 1, తను తప్ప ఇంకేదీ భాగించని ప్రధాన సంఖ్య అని.

ఎలా తెలుసు అంటే నోట్‌బుక్ తెచ్చాడు. రెండు పేజీల నిండా భాగహారాలు. 2 నుంచి 47 దాకా ఉన్న పదిహేను ప్రైములతో ఒక్కొక్కదానితో భాగించి, ప్రతిసారీ శేషం ఎంతొచ్చిందో కుడివైపు నిలువు వరసలో రాసుకున్నాడు. ఒక్కచోట కూడా సున్నా రాలేదు. కాబట్టి ప్రైమ్. 47 దగ్గరే ఎందుకు ఆగావని అడిగితే, స్కూల్లో బట్టీ పట్టించిన ప్రైముల పట్టిక 50 దగ్గర ఆగిపోతుంది, అందుకని.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఒక సంఖ్య ప్రైమ్ అని మామూలు పద్ధతిలో తేల్చాలంటే దాని వర్గమూలం దాకా ఉన్న ప్రైములన్నిటితో భాగించి చూడాలి. ఈ సంఖ్యకి వర్గమూలం పది లక్షలు. పది లక్షల లోపు ప్రైములు 78,498. వీడు చూసింది పదిహేను. ఆ తేడా వీడికి తెలియదని కాదు, వర్గమూలం రూలు అడగ్గానే గడగడా చెప్పాడు. కానీ ఇన్ని చేశాను, చెయ్యి నొప్పెట్టింది, ఒక్కటీ దొరకలేదు, కాబట్టి ఇంక ఉండదు అన్న భావన ఆ రూలుని మింగేసింది. దొరకలేదు అన్నదానికీ లేదు అన్నదానికీ మధ్య తేడా వీడికి నోటికి తెలుసు, చేతికి తెలియదు. నేను రాసుకున్న అసలు సమస్య ఇదే. ఇది ఈ ఒక్క సంఖ్యతో పోయేది కాదు. జ్యామితిలోనూ రెండు బొమ్మలు గీసి చూసి "ఎప్పుడూ ఇంతే సార్" అనేవాడు.

మొదట చేసినవి, అవి ఎందుకు పనిచేయలేదు

మొదటి ప్రయత్నంగా భాగహారం చేయకుండానే శేషం తెలుసుకునే చిట్కాలు నేర్పించాను. శ్రమ తగ్గితే ఇంకా ముందుకెళ్తాడని నా లెక్క. 1001 అంటే 7 × 11 × 13. కాబట్టి 1000ని ఈ మూడింట్లో దేనితో భాగించినా ఒకటి తక్కువ పడినట్టే, అంటే శేషం −1 అనుకోవచ్చు. 10¹² అంటే 1000ని నాలుగుసార్లు గుణించడం, −1ని నాలుగుసార్లు గుణిస్తే 1, దానికి ఒకటి కలిపితే 2. కాబట్టి 7, 11, 13 మూడింటితోనూ శేషం 2. వీడు పాత పేజీ తిప్పి చూసుకుని "అవును సార్, మూడింటికీ 2 అనే ఉంది" అని సంబరపడ్డాడు. కానీ ఫలితం నేను అనుకున్నదానికి ఎదురు తిరిగింది. రెండు దారుల్లో వెళ్లినా సున్నా రాలేదు కదా, ఇంకేం, ప్రైమే అని ఇంకా గట్టిగా నమ్మాడు. తప్పు నమ్మకానికి నేనే కొత్త సాక్ష్యం ఇచ్చినట్టయింది.

రెండోది ల్యాప్‌టాప్. పైథాన్‌లో ఆరు లైన్ల ప్రోగ్రామ్ రాసి నడిపించాను. రెప్పపాటులో 73 అని వచ్చేసింది. 47 తర్వాత 53, 59, 61, 67, 71, ఆ వెంటనే 73. ఇంకో ఆరు భాగహారాలు చేసి ఉంటే దొరికేది. వీడి మొహంలో ఆశ్చర్యం వస్తుందనుకున్నాను. రాలేదు. పరీక్ష రిజల్ట్ చూసుకున్నట్టు చూసి "ఓకే సార్, ప్రైమ్ కాదు" అని పేజీ తిప్పేశాడు. 73 ఎందుకు, 53 ఎందుకు కాదు అన్న ప్రశ్నే పుట్టలేదు. పైగా తర్వాతి వారం ఏ సంఖ్య ఇచ్చినా చెయ్యి ల్యాప్‌టాప్ వైపు వెళ్లేది. ప్రోగ్రామ్ చెడ్డదని నేను అనను, దాన్ని తేవలసిన సమయం అది కాదు. ప్రశ్న పుట్టకముందే జవాబు పెట్టేశాను.

మూడోది బీజగణితం. ఎక్స్ క్యూబ్ ప్లస్ వన్‌ని ఎక్స్ ప్లస్ వన్ భాగిస్తుంది కదా. 10¹² అంటే పదివేల క్యూబ్. కాబట్టి పదివేల ఒకటి, అంటే 10001, మన సంఖ్యని భాగించి తీరాలి. భాగిస్తే 99990001 వస్తుంది. 10001 = 73 × 137. క్యూబ్ బదులు ఏ బేసి ఘాతం పెట్టినా ఇదే ఫార్ములా. ఇది వీడికి బాగా నచ్చింది, నాకూ ఆ రోజు హమ్మయ్య అనిపించింది. వీడంతట వీడే 10⁶+1 తీసుకుని 101 × 9901 అన్నాడు, 10¹⁰+1 తీసుకుని దాన్ని 101 భాగిస్తుందన్నాడు. పని అయిపోయిందనుకున్నాను.

తర్వాతి క్లాసులో 10⁸+1 ఇచ్చాను, అంటే పది కోట్ల ఒకటి. పెన్ను నోట్లో పెట్టుకుని కాసేపు ఆలోచించి, "8కి బేసి ఫ్యాక్టర్ లేదు సార్, ఫార్ములా పట్టదు. కాబట్టి ప్రైమ్" అన్నాడు.

అదే జబ్బు. భాగహారం పోయి ఫార్ములా వచ్చింది, అంతే. ముందు "నా పట్టికలో దొరకలేదు కాబట్టి లేదు", ఇప్పుడు "నా ఫార్ములాకి దొరకలేదు కాబట్టి లేదు". నిజానికి 100000001 = 17 × 5882353. (ఆ రెండో సంఖ్యలో ఒక అందం ఉంది, చెప్పకుండా ఉండలేను: 588 వర్గానికి 2353 వర్గం కలిపితే సరిగ్గా 5882353 వస్తుంది. ఎవరికైనా ఖాళీ ఉంటే చేసి చూడండి.) 17తో భాగించి చూడమన్నాను. శేషం సున్నా వచ్చేసరికి వీడి మొహం చిన్నబోయింది, ఆ రోజు ఇంక ఏమీ చేయలేదు. వాళ్లమ్మ కాఫీ ఇస్తూ "ఏమైంది సార్, వాడు టెన్షన్‌గా ఉన్నాడు" అని అడిగారు. పద్ధతి నేనే మార్చుకోవాలి, వాడి తప్పేం లేదని చెప్పాను, నిజంగా అనుకునే చెప్పాను.

మలుపు

ఆ రాత్రి మొదటి రోజు నోట్‌బుక్ ఫోటోలు మళ్లీ తెరిచాను. ఏ పిల్లాడైనా ఒక దగ్గర ఇరుక్కుపోతే నేను చేసే పని ఇది, వాడి పాత పేజీలు మొదటి నుంచి చదవడం. శేషాల నిలువు వరస ఇలా ఉంది: 1, 2, 1, 2, 2, 2, 14, 8, 14, 21, 5, 2, 19, 22, 33. అందులో 3, 7, 11, 13, 37 పక్కన వచ్చిన 2ల చుట్టూ పెన్సిల్‌తో సున్నాలు చుట్టి, పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టి ఉంది. ఇది వీడే పెట్టుకున్నది, నేను పెట్టింది కాదు. మొదటి రోజు నా కళ్లముందే ఉన్నా పట్టించుకోలేదు, ఎందుకంటే నేనూ సున్నా కోసమే చూస్తున్నాను. సున్నా కాని శేషం అంటే చెత్త అని వీడికి నేర్పింది మనమే. దొరకలేదు అన్న మాటకి ఉన్న సాక్ష్యమంతా ఆ చెత్తలోనే ఉంటుంది, దాన్ని చదవడం మనం నేర్పం.

తర్వాతి క్లాసులో కొత్త పాఠం ఏదీ తీసుకెళ్లలేదు. ఆ పేజీ చూపించి, "ఈ ప్రశ్నార్థకం ఎందుకు పెట్టావు నాన్నా?" అని మాత్రం అడిగాను. సిగ్గుపడుతూ, "అన్నిసార్లు 2 ఎందుకొస్తుందా అని సార్, తర్వాత వదిలేశా" అన్నాడు. "వదిలేయొద్దు, ఈ రోజంతా అదే చూద్దాం" అన్నాను.

10ని పదే పదే గుణించుకుంటూ పోతే శేషాలు ఎలా నడుస్తాయో రాయమన్నాను. 7తో మొదలుపెట్టాడు: 1, 3, 2, 6, 4, 5, మళ్లీ 1. ఆరు అడుగులకి ఇంటికొచ్చింది. 11తో 1, 10, మళ్లీ 1. రెండే. 37తో 1, 10, 26, మళ్లీ 1. మూడు. 13తో 1, 10, 9, 12, 3, 4, మళ్లీ 1. ఆరు. కాసేపు చూసి లేచి నిలబడ్డాడు. "సార్, 12 అడుగులు వేస్తే ఇవన్నీ మళ్లీ 1 దగ్గరే ఆగుతాయి! 2, 3, 6 అన్నీ 12లో పడతాయి కదా. 1కి 1 కలిపితే 2!" అంతే. ప్రశ్నార్థకం తీరిపోయింది. పదేళ్ల పైగా చెబుతున్నాను, ఇలా లేచి నిలబడే క్షణాలు ఎప్పుడో గానీ రావు.

శేషాల్ని గుండ్రంగా రాసుకుంటే బాగుంటుందని వీడే వెళ్లి వాళ్లమ్మ గాజు ఒకటి తెచ్చుకుని, గ్రాఫ్ కాగితం మీద పెట్టి చుట్టూ గీశాడు. అప్పటినుంచి వాటికి మా ఇద్దరి మధ్య గాజులు అనే పేరు. పుస్తకంలో వీటి పొడవుకి ఆర్డర్ అని పేరుంది, అది నేను చాలా రోజుల దాకా చెప్పలేదు. పేరు ముందు చెబితే వీడు దాన్నీ బట్టీ పట్టేస్తాడు, వస్తువు చేతికి తగిలాక పేరు చెప్పొచ్చనుకున్నాను.

ఇప్పుడు 73 గాజు. గ్రాఫ్ కాగితం మీద ఎనిమిది చుక్కలు: 1, 10, 27, 51, 72, 63, 46, 22. ఎదురెదురు చుక్కల్ని స్కేలు పెట్టి కలపమన్నాను. 1కి ఎదురు 72. 10కి ఎదురు 63. 27కి 46. 51కి 22. ఏ జత కలిపినా 73. వీడు నాలుగు గీతలూ గీసి ప్రతి గీత పక్కన 73 అని రాశాడు, నాలుగోసారి రాసేటప్పుడు నవ్వుతున్నాడు. 1 దగ్గర బయల్దేరి 12 అడుగులు వేస్తే ఒకటిన్నర చుట్టు, అంటే సరిగ్గా ఎదురుగా 72 దగ్గర ఆగుతాం. దానికి 1 కలిపితే 73, అంటే శేషం సున్నా. ల్యాప్‌టాప్ చెప్పిన 73కీ ఈ 73కీ ఎంత తేడా ఉందో వీడి మొహం చూస్తే తెలుస్తుంది.

ఇక్కడినుంచి ప్రశ్న తిరగేశాం. ఏదో ఒక ప్రైమ్ మన సంఖ్యని భాగించాలంటే దాని గాజు ఎంత పొడవుండాలి? 12 అడుగుల్లో సరిగ్గా ఎదురు చుక్కకి చేరాలి, 24 అడుగుల్లో ఇంటికి రావాలి. అంటే పొడవు 24ని భాగించాలి కానీ 12ని భాగించకూడదు. వీడు 1, 2, 3, 4, 6, 8, 12, 24 రాసుకుని ఒక్కొక్కటి కొట్టేశాడు. మిగిలినవి 8, 24.

ఆ తర్వాతి మెట్టు కష్టమైనది, రెండు క్లాసులు పట్టింది. ప్రైమ్‌లో ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్యని గాజు పొడవు ఎప్పుడూ భాగిస్తుంది, ఎందుకు? దీన్ని సిద్ధాంతంగా చెప్పేద్దామా అని ఊగిసలాడాను, పరీక్షకి మూడు నెలలే ఉంది. కానీ వీడి జబ్బే ఎవరో చెప్పిన రూలు మోయడం కాబట్టి చెప్పకూడదని తేల్చుకున్నాను. 13 తీసుకున్నాం. మొదటి గాజులో 1, 10, 9, 12, 3, 4 ఉన్నాయి. లేనివాటిలో 2 తీసుకుని దాన్ని పదితో గుణించుకుంటూ పోతే 2, 7, 5, 11, 6, 8, మళ్లీ 2. ఇదీ ఆరే. మొదటి గాజులో ప్రతి చుక్కనీ రెండింతలు చేస్తే వచ్చిందే ఇది, అందుకే పొడవు మారదు. ఒక చుక్క రెండు గాజుల్లో ఉండలేదు, ఎందుకంటే ఏ చుక్క నుంచి చూసినా ముందుకీ వెనక్కీ ఒక్కటే దారి. కాబట్టి 12 శేషాలూ ఆరేసి చొప్పున రెండు గాజులుగా సర్దుకున్నాయి. 73కి 72 శేషాలు, ఎనిమిదేసి చొప్పున తొమ్మిది గాజులు. ఆ తొమ్మిదీ వీడు ఆదివారం కూర్చుని ఛార్టు మీద గీశాడు, అవ్వ వచ్చి "ఏందిరా, గాజుల అంగడి పెట్టినావు" అందట.

అంటే మన సంఖ్యని భాగించే ప్రైమ్ ఏదైనా, దాన్ని 8తో భాగిస్తే 1 మిగలాలి. అలాంటి ప్రైములు వరసగా 17, 41, 73. 17తో శేషం 14, 41తో 19, మూడోది 73. మూడే మూడు ప్రయత్నాలు. వీడు మొదటి రోజు చేసిన పదిహేను భాగహారాల్లో పదమూడు అసలు చేయకుండానే కొట్టేయొచ్చు. చెయ్యి నొప్పి పెట్టినంత పని చేశాడు కాబట్టి ఆ మాట వీడికి తగిలినట్టు ఇంకెవరికీ తగలదు.

ఫలితం

నేను మార్పు అని లెక్కపెట్టింది 73 దొరకడాన్ని కాదు, ఆ తర్వాత జరిగినదాన్ని. రెండో ఫ్యాక్టర్ 99990001 మిగిలింది కదా, "ఇది ప్రైమా?" అన్నాను. పాత వీడైతే రెండు నిమిషాల్లో చెప్పేసేవాడు. ఇప్పుడు "ఇంకా తెలీదు సార్" అన్నాడు. నా నోట్స్‌లో ఆ రోజు తేదీ కింద రెండు గీతలు గీసుకున్నాను.

తర్వాత వీడు నడిచిన దారి ఇది. గాజు పొడవు 8 అయితే ఆ ప్రైమ్ 73 గానీ 137 గానీ కావాలి, ఎందుకంటే నాలుగు అడుగుల్లో ఎదురు చుక్కకి చేరేవి 10001ని భాగించేవే. వాటితో 99990001ని భాగిస్తే శేషం 3. కాబట్టి అవి కావు. మిగిలింది పొడవు 24. అంటే 24తో భాగిస్తే 1 మిగిలే ప్రైములు మాత్రమే చూడాలి. వర్గమూలం పదివేల లోపే, కాబట్టి 25, 49, 73 అంటూ 9985 దాకా 416 సంఖ్యలు, అందులోనూ ప్రైములు కానివి వదిలేయొచ్చు. ఇక్కడ ల్యాప్‌టాప్ అడిగాడు, ఈసారి సంతోషంగా ఇచ్చాను. ఏం వెతకాలో, ఎక్కడ ఆపాలో, ఎందుకు ఆపాలో వాడికి తెలుసు, యంత్రం చేసేది కూలి పని మాత్రమే. ఒక్కటీ భాగించలేదు. నోట్‌బుక్‌లో ఇలా రాశాడు: "24తో భాగిస్తే 1 మిగిలేవి 9985 దాకా అన్నీ చూశాను. వేరేవి భాగించలేవు, కారణం వెనక పేజీలో. కాబట్టి ప్రైమ్."

ఇదివరకు కూడా ఇలాగే "దొరకలేదు" అనేవాడు. ఇప్పుడు ఆ మాట ముందు ఎక్కడిదాకా అని, వెనక ఎందుకు అని చేరాయి.

ఈ 99990001 మామూలు ప్రైమ్ కాదు. ఒకటిని దీంతో భాగిస్తే దశాంశంలో 24 అంకెలు తిరిగి తిరిగి వస్తాయి: 000000010000999999989999. సరిగ్గా 24 అంకెల చుట్టు ఉన్న ప్రైమ్ ప్రపంచం మొత్తం మీద ఇదొక్కటే, ఇంకొకటి లేదు. 73కి, 137కి ఎనిమిదంకెల చుట్టు: ఒకటిని 73తో భాగిస్తే 01369863, 137తో భాగిస్తే 00729927. గాజు పొడవే ఇక్కడా. వీడు ఫోన్ కాలిక్యులేటర్‌లో 73తో చూసుకుని, స్క్రీన్‌ని గట్టిగా పట్టుకుని వాళ్లమ్మ దగ్గరికి పరుగెత్తాడు.

అప్పుడు చెప్పాను ఫెర్మా అనే పాతకాలపు ఫ్రెంచ్ గణితవేత్త గురించి. గాజు పొడవు వెనక ఉన్న సిద్ధాంతాన్ని ఆయన 1640లో ఒక ఉత్తరంలో రాశాడు. అంతటివాడు కూడా 2³²+1, అంటే 4294967297, ప్రైమ్ అనే నమ్మాడు. 1732లో ఆయిలర్ అనే ఇంకో గణితవేత్త అది 641తో పోతుందని చూపించాడు, 641 × 6700417. ఇదే గాజు లెక్క 10 బదులు 2తో వేస్తే, 32 అడుగుల్లో ఎదురు చుక్క కాబట్టి పొడవు 64, అందుకని 64తో భాగిస్తే 1 మిగిలే ప్రైములు మాత్రమే చూడాలి: 193, 257, 449, 577, 641. ఐదోదే అది. ఫెర్మా చేతిలో పనిముట్టు ఉంది, అయినా ఈ సంఖ్య దగ్గర 641 దొరకలేదు. "అంటే నాలాగే ఆగిపోయాడా సార్?" అన్నాడు వీడు. అవునన్నాను. పది కోట్ల ఒకటి దగ్గర చిన్నబోయిన మొహం ఆ రోజు పూర్తిగా తేలికపడింది.

నాన్నతో మాట

ఒకే సంఖ్య మీద ఆరు వారాలా అని ఆయనకి దిగులు. ఫీజు ఇచ్చేది ఆయన, పరీక్ష ముందుంది, అడగడంలో తప్పు లేదు. నేను వాదించలేదు, ఒక క్లాసులో పక్కన కూర్చోమన్నాను. వీడు ఆయనకి 17 గాజు గీసి చూపించాడు: 1, 10, 15, 14, 4, 6, 9, 5, 16, 7, 2, 3, 13, 11, 8, 12. పదహారు చుక్కలు, 17లో ఉండే శేషాలన్నీ ఒకే గాజులో. ఎనిమిదో అడుగులో 16, అందుకే పది కోట్ల ఒకటిని 17 భాగిస్తుంది. తను ఓడిపోయిన లెక్కనే ఎంచుకుని నాన్నకి వివరించాడు, నేను చెప్పమనలేదు. ఆయన ఆ తర్వాత వారాల లెక్క అడగలేదు.

ఈ కేసు నుంచి నా పనిలో మారినవి

ఇప్పుడు ఏ పిల్లలైనా "లేదు", "ఎప్పుడూ", "ప్రైమ్" లాంటి మాట రాస్తే, దాని కింద "ఎక్కడిదాకా చూశాను" అని ఒక లైను రాయిస్తాను. తప్పు జవాబుల పేజీలు చింపనివ్వను. సున్నా రాని శేషాల వరసని ముందు నేను చదువుతాను. ప్రోగ్రామ్ కావాలంటే ఏం వెతుకుతున్నావో కాగితం మీద రాశాకే.

ఇది అందరికీ ఇలాగే పనిచేస్తుందని మాత్రం అనను. ఈ అబ్బాయికి భాగహారం వెన్నతో పెట్టిన విద్య, గాజు గియ్యడంలో ఒక్క చుక్క తప్పు పోలేదు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరికి ఇదే మొదలుపెడితే 37 దగ్గరే శేషాలు తప్పుతూ, గాజు మూసుకోక, పాపం విసిగిపోయింది. ఆమెతో 7, 11, 13 మీదే నెల రోజులు ఉన్నాను. వేగం అక్కర్లేదని నేను తొందరపడి అనుకున్న మాట కూడా కొంత సరిదిద్దుకున్నాను. ఆ అబాకస్ చెయ్యి లేకపోతే ఆ పదిహేను శేషాలూ ఉండేవి కావు, ఆ 2లూ కనపడేవి కావు.

చివరి క్లాసులో 10¹⁶+1 ఇచ్చి నేను ఏమీ మాట్లాడలేదు. గాజు పొడవు 32 అని రాసుకుని, 32తో భాగిస్తే 1 మిగిలే ప్రైములు తీశాడు. 97తో శేషం 63. 193తో 131. 257తో 226. 353తో సున్నా. భాగించి 28328611898017 అని రాశాడు. 99990001 దగ్గర లాగే "ఇది ప్రైమా?" అన్నాను. వీడు దాని కింద "353 దాకా మాత్రమే చూశాను. తెలీదు" అని రాసి పుస్తకం మూసి బ్యాగులో పెట్టుకున్నాడు. మూసేముందు పక్కన పెన్సిల్‌తో చిన్నగా 449 అని రాసుకోవడం నేను చూశాను.